ఇసుక మింగే దోసకాయ

ఉద్యోగమంటే ఒక కుర్చీ, ఒక బల్ల, తలమీద తిరిగే ఫ్యాను అని నేను మనసారా నమ్మిన రోజులవి. అరవయ్యో దశకం చివర్లో, పొందూరు పక్క పల్లెలో వరీ చోడీ పండించుకునే ఇంట్లోంచి ఒక ఆడపిల్ల బియ్యెస్సీ పాసై, విజయనగరంలో ఆడపిల్లల కాలేజీలో జువాలజీ డిమాన్‌స్ట్రేటరుగా చేరడమంటే చిన్న సంగతేమీ కాదు. ఆ పేరు మా అమ్మకి నోరు తిరిగేది కాదు. అడిగిన వాళ్ళకీ అడగని వాళ్ళకీ "మా పిల్ల కాలేజీలో పేద్ద ఉద్యోగం సేస్తన్నాది" అని చెప్పుకునేది. ఆ పెద్ద ఉద్యోగంలో నేను ఎక్కువగా చేసింది ఇసుక కడగడమని చెప్పి ఆవిడ సంబరం పాడుచేయడం నాకు ఇష్టం లేకపోయింది. (నేను చేరింది కూడా ఎవరో కాన్పుకి సెలవు పెట్టి వెళ్తే ఖాళీ అయిన చోట. అదీ చెప్పలేదు.)

మా డిపార్ట్‌మెంటు పెద్ద ఒక మేడమ్. పిల్లలు ఆవిణ్ణి చాటుగా సముద్రం మేడమ్ అనేవారు. వాల్తేరులో చదువుకున్నన్నాళ్ళూ రాళ్ళ మధ్య నీటి గుంటల్లో కాళ్ళు నానబెట్టుకుని గడిపిన మనిషి, విజయనగరం వచ్చి పడ్డాక సముద్రం లేక ఊపిరాడక, చివరికి సముద్రాన్నే లాబులోకి తెప్పించింది. ఇనప చట్రంలో దళసరి అద్దాలు బిగించిన పెద్ద తొట్టి, అడుగున జానెడు మందాన భీమిలి ఇసుక, దాని మీద నాచు పట్టిన రాళ్ళు, ఆ రాళ్ళకు పువ్వుల్లా అంటుకుని రెక్కలు ఊపే సముద్రపు పూలు (అవి పూలు కావు, జంతువులు, ఈ ముక్క వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పడం నా డ్యూటీ), శంఖాల్లో కాపురం చేసే ఎండ్రకాయలు, నల్లచారల చిన్న చేపలు కొన్ని. గాలికి మోటారు లేదు. ఒక లారీ ట్యూబులో మా అటెండరు పొద్దున్నే సైకిలు పంపుతో గాలి కొట్టేవాడు. ఆ గాలి సన్నటి గొట్టంలోంచి రోజంతా బుడగలు బుడగలుగా నీళ్ళలోకి పోయేది. అందుకే అతని పేరు గాలి తాత.

నీళ్ళు భీమిలి నుంచి రావాలి. పాల క్యాన్లు పట్టుకుని నేనూ గాలి తాతా బస్సులో వెళ్ళి నింపుకొచ్చేవాళ్ళం. మొదటిసారి కండక్టరు మూత ఎత్తి చూసి, "ఏటమ్మా ఇవి, పాలు గావే?" అన్నాడు. సముద్రం నీళ్ళన్నాను. అతను నన్నూ, క్యాన్లనీ, వెనకాల కనిపిస్తున్న సముద్రాన్నీ వరసగా చూసి, "మా సర్వీసులో సముద్రాన్ని బస్సెక్కించినోల్లు మీరేనమ్మా. దీనికి ఏ టికెట్టు కొట్టమంటారు?" అని అడిగాడు. బస్సంతా నవ్వింది. గాలి తాత మాత్రం నవ్వకుండా, "సంటిపిల్లనుకో. ఒళ్ళో ఎట్టుకుంటాం" అన్నాడు.

అసలు చిక్కు నీళ్ళతో కాదు, ఇసుకతో వచ్చింది. పెట్టిన కొత్తలో ఆ ఇసుక పంచదారలా మెరిసేది. మా పిల్లలకి ఆ చేపల మీద ప్రేమ ఎక్కువ. నేను లెక్కగా రొయ్య ముక్కలు వేసి ఇటు తిరగ్గానే అటు నుంచి మురీలు (అదే, మరమరాలు), వేయించిన పల్లీలు, ఒకసారి ఏకంగా బూందీ మిఠాయి పడింది. చేపలు తిన్నంత తినేవి, మిగిలింది ఇసుకలోకి దిగి కుళ్ళేది. కొన్నాళ్ళకి అద్దంలోంచి చూస్తే ఇసుక పైన తెల్లగా, కింద కాటుక పెట్టినట్టు నల్లగా తేలింది. పుల్లతో కదిపితే చాలు, గుప్పున కుళ్ళిన గుడ్ల వాసన. ఆ వాసన లాబులో ఆగలేదు. వరండా దాటి, హిస్టరీ క్లాసు దాటి, ఆఫీసు గదిలోకి వెళ్ళి కూర్చుంది.

గాలి తాత వచ్చి, "అమ్మా, ఇసక మాడిపోనాది. బియ్యం కడిగినట్టు కడిగి ఎండేసెయ్యాల" అన్నాడు. నాకూ అది బాగానే తోచింది. జీవాలన్నిటినీ బేసిన్లలోకి మార్చి, ఇసుకంతా తోడి, కుళాయి కింద చేటలతో గాలిస్తూ కడిగి, డాబా మీద ఎండబెట్టి మళ్ళీ పోశాం. మల్లెపువ్వులా ఉందని ఇద్దరం మురిసిపోయాం. మర్నాటికి నీళ్ళు కుడితిలా తయారయ్యాయి, సముద్రపు పూలు ముడుచుకుపోయాయి. మేడమ్ వచ్చి తొట్టిలోకి చూసి కళ్ళు మూసుకుంది. "మంచినీళ్ళతో కడిగారా? ఇసుకంటే ఉత్త ఇసుక కాదమ్మాయ్. అందులో కంటికి కనపడని ప్రాణులు కోటానుకోట్లు ఉంటాయి. కుళ్ళుని తినిపెట్టేవి అవే. వాటిని అన్నిటినీ ఎండబెట్టేశారు" అంది. గాలి తాత కంగారుగా డాబా వైపు చూసి, "అన్నాటినా?" అన్నాడు.

కొన్నాళ్ళకి ఇసుక మళ్ళీ నల్లబడి కంపు మొదలుపెట్టింది. ఈసారి గొట్టం పద్ధతికి దిగాను. రబ్బరు గొట్టం ఒక కొస ఇసుక మీద ఆనించి, రెండో కొస నోటితో పీల్చి, నీళ్ళు వస్తుండగా చటుక్కున కింద బకెట్లో పెట్టాలి. మురికి అంతా నీళ్ళతోపాటు జారిపోతుంది. చటుక్కున అన్న మాట దగ్గరే నా చదువు సరిపోలేదు. ఎప్పుడు ఆపాలో తెలిసేసరికి నోరంతా ఉప్పూ, నలుపూ, రొయ్య పొట్టూ. నేను అప్పట్లో మా పిన్ని ఇంట్లో ఉండేదాన్ని. చిన్నాన్న రైల్వేలో, కొత్తవలసలో డ్యూటీ. ఆదివారం వచ్చి పోయేవాడు. మిగిలిన వారమంతా పిన్నికి నేనే కాలక్షేపం. గుమ్మంలో అడుగు పెట్టగానే ముక్కు ఎగబీల్చి, "ఏటే, ఇయాల మళ్ళీ తాగినావా?" అనేది. (పక్కింటి వాళ్ళు వింటే ఏమనుకుంటారో అని నేను తలుపు వేసేసేదాన్ని.) "ఇంత సదువూ సదివి సేపల తొట్టి కడగతన్నావా! మీ అమ్మతో ఏటని సెప్పను? పోనీ ఆ సేపలు ఎప్పటికి ఎదుగుతాయి? పులుసుకైనా వస్తాయా?" అవి ఎదగవు పిన్నీ, వేలెడే ఉంటాయన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "అయితే అదేం ఉజ్జోగమే" అంది, నిజమైన జాలితో.

ఇంతలో కబురొచ్చింది. కాలేజీ కరస్పాండెంటు గారు లాబులు చూడడానికి వస్తున్నారని. ఆయన పెద్ద రైతు, శుభ్రమంటే ప్రాణం పెట్టే మనిషి. నడుస్తూ నడుస్తూ కాగితం ముక్క కనిపిస్తే తనే వంగి తీసేవారు. ఆ కంపు తొట్టి ఇంకా అలాగే ఉంటే ఎత్తి బయట పారేయించండని ముందే ఆఫీసులో చెప్పి పంపారట. మేడమ్ ఆ మాట నాతో చెప్పి నవ్వబోయింది గానీ, నవ్వు సగంలో ఆగిపోయింది. తొట్టి దగ్గర నిలబడి అద్దం మీద వేలితో గీతలు గీస్తూ ఉండిపోయింది. దానికి తోడు నా కొలువు పొడిగించాలా వద్దా అన్నదీ ఆయన చేతిలోనే ఉంది.

ఆ వారం ప్రాక్టికల్సుకి ఫార్మలిన్ సీసాల్లోంచి సముద్రపు దోసకాయని తీసి పిల్లలకి కోసి చూపిస్తున్నాను. దోసకాయ అని పేరే గానీ అదీ జంతువే. తలా తోకా తేలని నల్లటి తోలు సంచీలా ఉంటుంది. పేగు చీరితే జలజలా ఇసుక రాలింది. నేను విద్యార్థినిగా కోసినప్పుడూ ఇలాగే రాలింది. "ఇది ఇసుకని మింగి, అందులోని కుళ్ళుని అరిగించుకుని, శుభ్రమైన ఇసుకని బయటికి వదులుతుంది" అని పుస్తకంలో మాటలు అప్పజెప్తూ అప్పజెప్తూ ఠక్కున ఆగిపోయాను. కత్తెర అక్కడే పెట్టేసి మేడమ్ గదిలోకి పరిగెత్తాను.

మర్నాడే భీమిలి వెళ్ళాం, మేడమ్‌తో సహా. నీళ్ళు వెనక్కి తగ్గిన వేళ మేడమ్ చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని రాళ్ళ మధ్య చిన్నపిల్లలా గెంతింది. ఒక రాతి అడుగున మూరెడు పొడుగున, మెత్తగా, బురద పూసుకుని దొరికింది మా దోసకాయ. పక్కనే నత్తగుల్లలు ఏరుకుంటున్న ఒకావిడ ఆగి, "ఏటమ్మా అది, కూరొండుకుంటారా? జలగలాగున్నాది!" అంది. కాదు, ఇసుక శుభ్రం చేయిస్తామన్నాను. ఆవిడ సముద్రం ఒడ్డున ఈ చివర్నుంచి ఆ చివరిదాకా పరుచుకున్న ఇసుకని చూసి, "ఇదంతానా?" అంది.

దాని పనితనం నేను కళ్ళారా చూశాను. తొట్టిలో వేశాక ఒక పూట బెంగ పెట్టుకున్నట్టు మూలన పడుకుంది. తరవాత మూతి చుట్టూ ఉన్న చిన్న చిన్న చేతులతో ఇసుకని అద్దుకుని, నోట్లో పెట్టుకుని, మళ్ళీ అద్దుకుని, తొందర లేకుండా నడక మొదలుపెట్టింది. ముందు నుంచి మురికి లోపలికి, వెనక నుంచి తెల్లటి ఇసుక కణికలు బయటికి. నేను పైన పిల్లల మురీలు ఆపించాను, గొట్టంతో కొంచెం కొంచెంగా నల్లటిది లాగాను, అది మిగిలిన పని చూసుకుంది. వాసన ఆఫీసు గదిలోంచి లేచి, హిస్టరీ క్లాసు మీదుగా వెనక్కొచ్చి, చివరికి లేకుండా పోయింది. ఆయన వచ్చే రోజుకి ఇసుక మళ్ళీ పంచదారే.

కరస్పాండెంటు గారు తెల్లటి పొందూరు ఖద్దరు జుబ్బాలో వచ్చారు. ముక్కు దగ్గర పెట్టుకుందామని రుమాలు తెచ్చుకున్నారు గానీ, కాసేపటికి దాన్ని జేబులో పెట్టేసుకున్నారు. తొట్టి చుట్టూ తిరిగి, "బాగున్నాదమ్మా. అద్దంలా ఉన్నాది" అన్నారు. మేడమ్ ముఖం వెలిగింది. అంతలో ఆయన కళ్ళు ఒక మూలన ఆగాయి. "అంతా బాగు సేసి ఆ కుల్లిపోయిన వంకాయ వొగ్గేసినారేటి?" అంటూ, మేము నోరు తెరిచేలోగా జుబ్బా చెయ్యి పైకి లాక్కుని, తొట్టిలోకి వంగి, దోసకాయని పట్టుకుని పైకి ఎత్తేశారు.

ఆ జాతికి కోరలు లేవు, గోళ్ళు లేవు. ఎవరైనా గట్టిగా పట్టుకుంటే అది చేయగలిగింది ఒక్కటే. వెనక నుంచి తెల్లటి జిగురు దారాలు చిమ్ముతుంది. చిమ్మింది. ఆయన వేళ్ళకి, ఉంగరానికి, మణికట్టుకి, జుబ్బా అంచుకి జీళ్ళపాకంలా అంటుకుపోయాయి. రెండో చేత్తో తీయబోతే ఆ చెయ్యీ అతుక్కుంది. "ఇదేటిది! ఇది బతికున్నాదేటి!" అని ఆయన కేక. గాలి తాత "కదలకండి బాబూ, కదిలితే మరీ సుట్టుకుంటాది" అని చేతులడ్డం పెట్టాడు. వెనకాల పిల్లలు పమిట కొంగులు నోట్లో కుక్కుకుని ఊగిపోతున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మూటాముల్లే సర్దుకుని పొందూరు బస్సెక్కుతున్న నేనే కనిపించాను.

మేడమ్ ఒక్కతే స్థిమితంగా, "కంగారు పడకండి, నెమ్మదిగా నీళ్ళలోకి దించండి. మిమ్మల్ని చూసి అదే ఎక్కువ హడలిపోయింది" అంది. ఆయన నిజంగానే నెమ్మదిగా, పసిబిడ్డని దించినట్టు దించారు. ఆ దారాల్లో కొంచెం విషం ఉంటుంది, చేపలకి ముప్పు. మేడమ్ ఆ మాట అనగానే నవ్వుతున్న పిల్లలే సముద్రం నీళ్ళు నింపి ఉంచిన పాల క్యాన్లు ఎత్తుకొచ్చి, పాత నీళ్ళు తోడి కొత్త నీళ్ళు పోశారు. గాలి తాత పొడి ఇసుక చల్లి ఆయన చేతులు రుద్దుతూ కూర్చున్నాడు. దారాలతోపాటు మణికట్టు మీది వెంట్రుకలు కూడా వచ్చాయి గానీ ఆయన కిక్కురుమనలేదు.

చివరికి ఆయన స్టూలు మీద కూర్చుని, "దానికి నొప్పి పుట్టిందేటమ్మా?" అని అడిగారు. లేదండీ, కొన్నాళ్ళకి మళ్ళీ దారాలు పెరుగుతాయి అంది మేడమ్. "నేను సెత్త అనుకుని తీసేసినాను." ఆ సెత్త తీసేది అదేనండీ, ఇసుకంతా అదే శుభ్రం చేస్తోందని చెప్పింది. ఆయన తొట్టి వైపు వంగి చాలాసేపు చూశారు. "అయితే ఇది మన స్టాఫేనన్నమాట" అన్నారు. అప్పుడు నాకేమైందో తెలియదు, భయంలో మనసులో మాటే నోట్లోంచి ఊడిపడింది. "అది పర్మినెంటేనండి. టెంపరరీ నేనే."

మేడమ్ నా వైపు చూడలేదు. కరస్పాండెంటు గారు ముందు భుజాలతో నవ్వారు, తరవాత పొట్టతో, చివరికి కళ్ళు తుడుచుకోవడానికి రుమాలు తీశారు. రుమాలు వేళ్ళకి అంటుకుపోయింది. దాంతో పిల్లలు ఇంక ఆపుకోలేకపోయారు. తొట్టి ఉండిపోయింది. వేసవి సెలవులు అయ్యాక నా కొలువూ ఉండిపోయింది. నవ్వించినందుకో, ఇసుక కడిగినందుకో ఆయన ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

సెలవుల్లో తొట్టిని చూసేవాళ్ళు లేరు కాబట్టి, కాలేజీ మూసే ముందు అన్నిటినీ సముద్రంలో వదిలేయమంది మేడమ్. దోసకాయని నేనే తీసుకెళ్ళాను. భీమిలి రాళ్ళ దగ్గర మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి, రెండు చేతులతో దాన్ని ఇసుక మీద పెట్టి నిలబడ్డాను. ఒక్కసారైనా నా వైపు తిరుగుతుందని ఎదురుచూశాను. అది ముఖం లేని జంతువని, కళ్ళు లేవని, మెదడు అసలే లేదని పిల్లలకి బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెప్పినదాన్ని నేనే. అది మాత్రం కాసేపు అలాగే ఉండి, చిన్న చేతులు బయటపెట్టి, కొత్త ఇసుక అద్దుకుని తినడం మొదలుపెట్టింది. నాకు నిజంగానే కళ్ళనీళ్ళు తిరిగాయి. చీర కుచ్చిళ్ళు అలల్లో నానిపోతుంటే, "వెళ్ళొస్తాను మరి" అని దానికి పైకే చెప్పి, జవాబు కోసం ఇంకాసేపు ఆగిన ఆ పిల్లని తలచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వొస్తుంది. ఎదురైతే తల నిమరాలనిపిస్తుంది.