జువ్వలదిన్నెలో ఉన్న తాళంచెవి

నా భార్య సుజాత పోయి ఏడు నెలలైంది. ఆమె ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని పొద్దున ఏడుంబావుకి నెల్లూరులో పాసింజరెక్కాను. జువ్వలదిన్నెలో చేపలమ్మే ఆడవాళ్ళ మాటల్ని ఆమె అందులో రికార్డు చేసుకునేది. వాళ్ళ మాటలతో నాకు పనిలేదు. మధ్యలో ఎక్కడో ఆమె గొంతు ఉంటుంది, అది కావాలి.

ఎదుటి సీటాయన, "చెడిపోయిందా సార్?" అన్నాడు.

"బాగానే ఉంది. తెరుచుకోదు."

డిస్కు మొత్తం ఎన్‌క్రిప్ట్ చేసి ఉందని రిపేరు షాపులో ముందే తేల్చేశారు. ఊడదీసి వేరే కంప్యూటరుకి తగిలించినా అక్షరం కనపడదట. నలభై ఎనిమిది అంకెల కీ ఉండాలి, లేదంటే లోపలున్నదంతా తుడిచేయడమే. ఆ కీ రాసిన కాగితం జువ్వలదిన్నెలో వెంకమ్మక్క దగ్గరుందని సుజాత ఒకసారి చెప్పింది. కట్టుకున్నవాణ్ణి నేనుండగా చేపలమ్మే ఆవిడకివ్వడమేమిటని అప్పుడే నాకు ఒళ్ళు మండింది.

బిట్రగుంటలో దిగి ఇడ్లీ తిన్నాను. షేర్ ఆటో నిండేదాకా కదల్లేదు. పదింటికి జువ్వలదిన్నెలో ఆవిడ ఇల్లు చేరాను. వెంకమ్మక్క నన్ను చూసి కళ్ళొత్తుకుంది గానీ కాగితం మాత్రం ఇవ్వలేదు.

"మా ఊళ్ళో అమ్మోరి నగల పెట్టె ఒకరింట్లో ఉంటాది, తాళంచెవి ఇంకొకరింట్లో. ఇద్దరూ ఉంటేనే తెరిచేది. అది చూసే సుజాతమ్మ ఇట్టా పెట్టినాది. మా మొగోళ్ళ గురించి చెప్పుకున్న మాటలయ్యి, అన్నా. ఏ మొగోడికీ వినిపించనని మాటిచ్చినాది."

"నేను ఆమె మొగుణ్ణి కదక్కా."

"మొగోడివే గదన్నా."

చివరికి ల్యాప్‌టాప్ తీసుకుని, నన్ను అరుగు మీద కూర్చోమని తలుపు వేసుకుంది. లోపల ఆమె కూతురు అంకెలు పైకి చదువుతూ కొడుతోంది. ఎండుచేపల వాసనలో గంటన్నర కూర్చున్నాను. ఆడవాళ్ళ నవ్వులు వినిపించాయి. వాటిలో ఒకటి సుజాతది. ఆమె పోయిన రోజు కూడా నాకింత ఒంటరిగా అనిపించలేదు.

తర్వాత పిలిచి ఒకే ముక్క వినిపించారు.

"చాలక్కా, బండి టైమైంది. నేను పోకపోతే ఆయన అన్నం తినకుండా కూర్చుంటాడు."

వెంకమ్మక్క ల్యాప్‌టాప్ మూసి ఇచ్చింది. "ఎప్పుడన్నా రాన్నా, వినిపిస్తా," అంది.

మీరెవరైనా వెళ్తే మధ్యాహ్నం లోపే తిరిగి బయల్దేరండి, తర్వాత ఆటోలు దొరకవు. నేను బయటపడేసరికి ఒంటిగంట దాటింది; హార్బరు దాకా నడిచి, చేపల వ్యాను వాళ్ళని బతిమాలుకుని బిట్రగుంట చేరాను. నాలుగున్నర పాసింజరులో కిటికీ పక్కన సీటు దొరికింది. ల్యాప్‌టాప్‌కి మళ్ళీ తాళం పడింది, పడనీ. దాన్ని తుడిపించను.

ఆమె జువ్వలదిన్నె నుంచి వచ్చేసరికి ఆకలంటూ గుమ్మంలో కూర్చునేవాణ్ణి. నిజానికి ఎప్పుడో తినేసి, కంచం కూడా కడిగి బోర్లించేసేవాణ్ణి.