ఆర్లిస్ ఇంట్లో మొరాయించిన నెట్టు

మా పక్కింటి ఆర్లిస్ చాలా ఏళ్లు స్కూలు బస్సు నడిపింది. మిన్నెసోటా మంచులో ఒక్కసారి కూడా బండిని గుంటలో దింపలేదని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటుంది. మోకాళ్లు అరిగాక బస్సు మానేసి, ఇంట్లోనే చిన్న గదిలో కూర్చుని చేసే పని పట్టుకుంది. వినికిడి తగ్గినవాళ్లు ఫోన్లో మాట్లాడుతుంటే, అవతలివాళ్ల మాటలు విని అప్పటికప్పుడు అక్షరాలుగా వీళ్ల తెర మీదికి పంపాలి. ఎవరేం మాట్లాడుకున్నారో ఏనాడూ ఒక్క ముక్క బయటపెట్టలేదు. గుచ్చిగుచ్చి అడిగితే "కాఫీ తాగవే, చల్లారిపోతోంది" అనేది. ఆ పనంటే ఆమెకు ప్రాణం.

ఆగస్టులో ఆ పనికి ఆధారమైన ఇంటర్నెట్టు మొరాయించడం మొదలైంది. ఎవరి మాటో సగంలో ఉండగా తెగిపోయేది. ఆర్లిస్ కుంటుకుంటూ హాల్లోకి వచ్చేసరికి రౌటరు దీపాలు ఒక్కొక్కటిగా మళ్లీ వెలుగుతుండేవి. ఆగిపోయి, తనంతట తనే లేచేదన్నమాట.

దానికి ఆమె చెయ్యని వైద్యం లేదు. నెట్టు కంపెనీవాడు తీగ పీకి పెట్టమంటే పీకి పెట్టింది. మైక్రోవేవ్ వల్లనేమోనని దాన్ని బేస్‌మెంటుకు పంపింది. రౌటరును టీవీ వెనక నుంచి తీసి పుస్తకాల బీరువా మీదికి ఎక్కించింది. చివరికి కొత్తదే కొంది. అన్నిటికీ పక్కన టార్చి పట్టుకుని నిలబడింది ఆమె భర్త వెర్లిన్. ధాన్యం గోదాములో పనిచేసి రిటైరైన మనిషి, గట్టిగా మాట్లాడడం కూడా రాదు. కొత్తదాన్ని మళ్లీ ఆ పాత ప్లగ్గులోనే పెట్టిందీ అతనే. "ఎంత ఓపికయ్యా నీకు" అని నేనే మెచ్చుకున్నాను. నా మెప్పు తగలెయ్య!

మా మిన్నెసోటావాళ్లకొక గుణం ఉంది. కావలసింది నోరు తెరిచి అడగరు. వెర్లిన్‌కి చలికాలమంతా, బండి వెనక తగిలించుకునే ట్రైలరు ఇంట్లో అరిజోనా వెళ్లి ఎండలో కూర్చోవాలని కోరిక. ఆర్లిస్ పని మాత్రం ఈ ఇంటి నుంచే చెయ్యాలని పనిచ్చినవాళ్ల షరతు. వెళదామా అని అతను ఒక్కసారైనా అడిగాడా? "అక్కడ ఎండ బాగుంటుందట" అనేవాడు. "బాగుంటుంది కాబోలు" అనేది ఆమె. "అంతా నీ ఇష్టమే" అనేవాడు. మాట అక్కడితో సరి.

అక్టోబరులో ఆర్లిస్ పై అధికారిణి ఖండితంగా చెప్పేసింది: ఇంకొక్కసారి తెగితే పని ఉండదు. మర్నాడు పొద్దున్నే ఆర్లిస్ నన్ను పిలిచింది.

"నువ్వు ఇక్కడ కూర్చుని దాని మీద ఒక కన్నేసి ఉంచవే" అని గదిలోకి వెళ్లింది.

తలుపు పక్కనున్న సోఫాలో కాఫీ పెట్టుకుని కూర్చున్నాను. వెర్లిన్ బయటినుంచి వచ్చాడు. నన్ను చూడలేదు. గుమ్మం పక్కన స్విచ్చి ఒకసారి కిందికి, ఒకసారి పైకి వేశాడు. మా ఇళ్లన్నిట్లో అలాంటిది ఒకటి ఉంటుంది. అది ఏ దీపానికీ కాదు, గోడ కిందున్న ప్లగ్గుకి. నేల మీద నిలబెట్టే పొడుగు దీపాన్ని ఆ ప్లగ్గుకి తగిలించుకునే రోజుల్లో దానితో పని. ఆ దీపాలు పోయాక అందరమూ దాన్ని మర్చిపోయాం. వెర్లిన్ మర్చిపోలేదు. బీరువా మీద రౌటరు దీపాలు ఆరిపోయి, మళ్లీ ఒక్కొక్కటే వెలగసాగాయి.

"ఏం చేశావు వెర్లిన్?" అని అరిచాను.

ఉలిక్కిపడ్డాడు. "ఏం లేదు, దుమ్ముంటేనూ..."

"స్విచ్చికి దుమ్మేంటయ్యా!"

ఆర్లిస్ హెడ్‌ఫోను మెడలోకి జార్చుకుని వచ్చింది. నేరుగా వెళ్లి స్విచ్చి నొక్కింది. అప్పుడే వెలుగుతున్న దీపాలు ఆరిపోయాయి. మళ్లీ నొక్కింది. వెలిగాయి.

"దీన్ని బీరువా మీద పెట్టడానికి నేను స్టూలెక్కితే, పడిపోతానని నా కాళ్లు పట్టుకున్నావు" అంది.

"నీ మోకాళ్లకి ఎండ మంచిదని..."

"అడగొచ్చుగా!"

"అడిగితే రానంటావుగా."

"అంటాను. అననీ!"

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటారే, అదే జరిగింది. చూస్తున్న నాకే ఒళ్లు మండిపోయింది.

ఫోను మోగింది. పై అధికారిణే. "నేను చెప్తానులే, తప్పు నాదని" అంటూ వెర్లిన్ చెయ్యి చాపాడు. ఆర్లిస్ ఆ చేతిని పక్కకి నెట్టేసింది.

"అవునమ్మా, మళ్లీ తెగింది. లైను మంచిదే. మా ఇంట్లోదే తప్పు. ఇక బాగుపడదు" అంది అతని మొహంలోకి చూస్తూ.

ఆమె పని పోయింది, మొగుడి పరువు మాత్రం నిలిచింది.

నవంబరులో ట్రైలరు తీసుకుని వెర్లిన్ ఒక్కడే అరిజోనా వెళ్లాడు. రోజూ సాయంత్రం ఆమెకు వీడియో కాల్ చేస్తాడు. ఆమె ఎత్తదు. అప్పుడు నాకు చేస్తాడు.

"ఇంట్లో నెట్టు మళ్లీ పోయిందా?" అని అడుగుతాడు.

"లేదయ్యా, నువ్వెళ్లిన దగ్గర్నుంచి బ్రహ్మాండంగా ఉంది" అంటాను.