ఓపల్ పెట్టిన సంతకం

పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయేనాటికి ఓపల్ స్టోవల్‌కు డెబ్బై తొమ్మిదేళ్ళు. ఆయిల్‌డేల్ అనే ఊళ్ళో చిన్న రేకుల ట్రైలర్ ఇల్లు. అందులో ఆమె, యాభై ఒక్కేళ్ళ కొడుకు డెల్బర్ట్, ఇద్దరే. డెల్బర్ట్ టైర్ల షాపులో పనిచేసేవాడు. తల్లిని ఆసుపత్రి నుంచి తెచ్చిన వారంలోనే ఆ పని మానేశాడు.

మానకేం చేస్తాడు? కౌంటీ వాళ్ళు, అంటే జిల్లా సర్కారు వాళ్ళు, మొదట సేవకు ఒక అమ్మాయిని పంపారు. ఓపల్ ఆమెను ఒంటి మీద చెయ్యి వెయ్యనిస్తేనా! "నీ ముఖం నేనెప్పుడన్నా చూశానా? నా గౌను విప్పడానికి నువ్వెవరే?" అంటూ ఎడమ చేత్తో సబ్బు తీసి విసిరింది. ఆ పిల్ల మళ్ళీ రాలేదు. ఇక డెల్బర్టే స్నానం చేయించాడు. మొదటి రోజు సిగ్గుతో గోడవైపు తల తిప్పుకుని నీళ్ళు పోస్తుంటే ఓపల్‌కు నవ్వొచ్చింది.

"ఒరేయ్ డెల్లూ, నీళ్ళు కుర్చీకి పోస్తున్నావు. నీ తల్లిని ఇటున్నాను."

మంచాన పడ్డవాళ్ళను చూసుకునే సొంత మనుషులకూ ప్రభుత్వం జీతమిస్తుందని చెప్పింది యొలాండా ఇబర్రా. కౌంటీ ఆఫీసు నుంచి వచ్చి పోయే మనిషి ఆవిడ. డెల్బర్ట్ దరఖాస్తు పెట్టాడు, వేలిముద్రలిచ్చాడు. నెల తిరక్కుండా రెండు కాగితాలు వచ్చాయి.

పదమూడేళ్ళ కిందట, టాఫ్ట్ అనే ఊళ్ళో ఒక బార్ వెనక, వెల్డన్ క్రెబ్స్ అనే మనిషిని ఇనపకడ్డీతో కొట్టి పర్సు లాక్కున్నారు. ఆ కేసులో డెల్బర్ట్ ఆరేళ్ళు జైల్లో ఉన్నాడు. బయటికొచ్చి పదేళ్ళు నిండాలి, ఏడేళ్ళే అయింది కాబట్టి జీతమివ్వడం కుదరదంది మొదటి కాగితం. అయితే సేవ చేయించుకునే మనిషి, ఇతను చేసిన నేరమేమిటో నాకు తెలుసు, అయినా ఇతనే కావాలి అని సంతకం పెడితే ఇవ్వవచ్చంది రెండోది. నేరమేమిటో అందులో అచ్చయి ఉంది.

డెల్బర్ట్ ఆ రెండో కాగితాన్ని మడిచి పనిముట్ల పెట్టె అడుగున పడేశాడు.

కారణముంది. జైల్లో తల్లి మొదటిసారి చూడటానికి వచ్చినప్పుడు, అద్దానికి అవతల నుంచి అతను ఒకే మాట చెప్పాడు. "కొట్టింది నేను కాదమ్మా. నేను ట్రక్కులో కూర్చున్నాను. లాయరు ఒప్పుకోమంటే ఒప్పుకున్నాను." నేరం ఒప్పుకున్నాడు గనుక విచారణ జరగలేదు, సాక్షులు నోరు విప్పలేదు. ఓపల్ ఆ మాటనే పట్టుకుని బతికింది. చర్చిలో ఎవరు కళ్ళెగరేసినా, "మా వాడు ట్రక్కు దిగనే లేదు" అని ముఖం మీదే అనేసేది. సొంత చెల్లెలు లొరీన్‌కు క్రెబ్స్ భార్య తెలుసు. "అక్కా, కడ్డీ నీ కొడుకు చేతిలోనే ఉందట, ఆ మనిషికి ఒక కన్ను పోయింది" అని చెబితే, "నా గడప తొక్కావంటే కాళ్ళు విరగ్గొడతా" అంది. ఆ తర్వాత వాళ్ళిద్దరూ మాట్లాడుకోలేదు. రెండేళ్ళ కిందట లొరీన్ చచ్చిపోతే ఓపల్ ఖననానికి కూడా వెళ్ళలేదు.

రెండు నెలల అద్దె నిలిచిపోయింది. డెల్బర్ట్ ట్రక్కు అమ్మేశాడు. కాగితం ఎంతకీ తిరిగి రాకపోయేసరికి యొలాండాయే ఒక మంగళవారం పొద్దున వచ్చింది.

"నాకివ్వండి మేడం, నేను సంతకం పెట్టించి పంపిస్తాను" అన్నాడు డెల్బర్ట్.

"అలా కుదరదయ్యా. పక్షవాతం వచ్చాక ఆవిడ చదవలేరు కదా, నేనే చదివి వినిపించాలి."

అతను మెట్ల మీదికి వెళ్ళి నిలబడ్డాడు. లోపల యొలాండా నెమ్మదిగా చదివింది. తర్వాత ఓపల్ గొంతు వినిపించింది.

"వాణ్ణి లోపలికి రమ్మనండి."

డెల్బర్ట్ వచ్చి తలుపు దగ్గరే ఆగిపోయాడు.

"కడ్డీ ఎవరి చేతిలో ఉంది?"

"అమ్మా..."

"నేనడిగింది అది కాదు."

"నా చేతిలోనే."

"ఎన్ని దెబ్బలు?"

"లెక్క తెలీదమ్మా. తాగున్నాను."

ఓపల్ దుప్పటి అంచు నలపసాగింది. యొలాండా లేచి, "ఇంకో రోజు వస్తాను ఓపల్ గారూ, తొందరేం లేదు" అంది.

"కూర్చోమ్మా. వీడు కాక నాకెవరున్నారు? కలమివ్వు." ఎడమ చేత్తో, వంకర అక్షరాలతో పేరు రాసింది. కలం తిరిగి ఇస్తూ, "లొరీన్ నిజమే చెప్పింది" అంది. అది ఆ ఇద్దరితో అన్నమాట కాదు.

మరుసటి నెల నుంచి జీతం వచ్చింది. డెల్బర్ట్ అద్దె కట్టాడు, స్నానాలగదిలో పట్టుకోవడానికి గోడకు కమ్మీ బిగించాడు. తల్లి అతని చేత్తోనే బీన్సు, మొక్కజొన్న రొట్టె తినేది. కానీ డెల్లూ అనే పిలుపు ఆగిపోయింది. ఏదైనా కావాలంటే గొంతు సవరించుకునేది, అంతే.

వసంతంలో ఒక శనివారం, తనను లొరీన్ సమాధి దగ్గరికి తీసుకెళ్ళమంది. చక్రాల కుర్చీ అక్కడ ఆపాక, "నువ్వెళ్ళి గేటు దగ్గర ఉండు" అంది. ఎండలో గంటసేపు నిలబడ్డాడు. అంత దూరం నుంచి ఆమె భుజాలు కదలడం మాత్రమే కనిపించింది. తిరిగొచ్చే దారిలో ఆమె అడిగింది.

"ఆ క్రెబ్స్ ఇంకా టాఫ్ట్‌లోనే ఉన్నాడా?"

"ఉన్నాడనే విన్నాను."

"ఆయనకు ఉత్తరం రాయి. ఏం రాయాలో నేను చెప్పను. నువ్వే రాయి."

ఆ ఉత్తరం రాయడానికి డెల్బర్ట్‌కు నాలుగు రోజులు పట్టింది. చదివి వినిపిస్తే ఓపల్ మధ్యలో ఒక్కచోట ఆపింది. "తాగున్నానని రాశావు చూడు, ఆ మాట తీసెయ్యి" అంది. తీసేశాడు. ఉత్తరానికి జవాబు రాలేదు.

మరుసటి ఫిబ్రవరిలో ఆమె నిద్రలోనే పోయింది. ఆ నెలతో జీతమూ ఆగింది. ఆ పద్నాలుగు నెలల్లో డెల్బర్ట్ మనిషిని నొప్పి తెలియకుండా పక్కకు ఒత్తిగిలించడం, పొలమారకుండా తాగించడం నేర్చుకున్నాడు. ఆ పని కోసమే రెండు సంస్థలకు వెళ్ళి అడిగాడు. రెండుచోట్లా మర్యాదగా కూర్చోబెట్టి, వేలిముద్రల నివేదికలో పాత కేసు చూసి పంపేశారు. టైర్ల షాపు యజమాని మాత్రం వారానికి మూడు రోజులు రమ్మన్నాడు.