ఓటమి చదవడానికి హెలెన్స్‌బర్గ్ వెళ్ళాం

కారు గ్యారేజీలో ఉంది. అందుకని ఆ జనవరి ఆదివారం మేముండే కెల్లీవిల్ నుంచి హెలెన్స్‌బర్గ్ వెంకన్న గుడికి ఒక బస్సు, రెండు రైళ్ళ ప్రయాణం పెట్టుకున్నాం. ఆ దారిన వెళ్ళదలచినవాళ్ళు ఆదివారం బస్సులు అరుదని గుర్తుంచుకోవాలి. ఏడింటికే వీధి చివర నిలబడ్డాం. సెంట్రల్ స్టేషన్‌లో రైలు మారేసరికే నాకు నడుం పట్టేసింది. అయినా కిటికీ పక్కన చోటిచ్చిన స్వామికి దణ్ణం పెట్టుకున్నాను.

మావారు జేబులోని ఫలితాల కాగితం మాటిమాటికీ తీసి చూసుకుంటున్నారు. మా తెలుగు సంఘానికి ఆయన వైస్ ప్రెసిడెంట్. ఈసారి అధ్యక్ష పదవికి నిలబడ్డారు. ఆనవాయితీ ప్రకారం ఫలితం గుడి హాల్లో వైస్ ప్రెసిడెంటే చదవాలి. సుధాకర్ గారు మూడు ఓట్ల తేడాతో గెలిచారు. అయితే ఆయనకు పడ్డవాటిలో కొన్ని చందా ఆలస్యంగా కట్టిన కుటుంబాలవి. వాటిని కొట్టేస్తే మావారే అధ్యక్షులు. కొట్టెయ్యమని స్నేహితులు వారమంతా ఫోన్లు చేశారు. కంప్యూటర్లలో తేదీలు సరిచేసే వైటూకే పని ముగిసి కాంట్రాక్టు పోయాక ఆయనకు మిగిలింది ఈ కాస్త పేరే.

అదే రైల్లో వొలాంగాంగ్‌లో కూతురింటికి వెళ్తున్న గుంటూరు రహీం అంకుల్ మా ఎదుట కూర్చున్నారు.

"ఏందయ్యా, మొహం అట్టా వేలాడేశావు?"

మావారు సంగతి చెప్పారు.

"ప్రెసిడెంటైతే ఏమిస్తారు, పులిహోర రెండు గరిటెలు ఎక్కువేస్తారా?" అని నవ్వి, "అమెరికా వైస్ ప్రెసిడెంట్ ఫలితం చదవడం టీవీలో చూశావా?" అన్నారు.

"చూశానంకుల్. అప్పట్నుంచే నిద్ర లేదు."

ఆ ఉపాధ్యక్షుడంటే మావారికి ఇష్టం. సెనేటర్ కొడుకై ఉండీ యుద్ధానికి వెళ్ళాడు, పత్రికలో పనిచేశాడు. కంప్యూటర్ల సంగతి ఎవరికీ పట్టని రోజుల్లోనే చట్టసభలో వాటి గురించి మాట్లాడాడట. అధ్యక్ష పదవికి నిలబడి దేశమంతటా ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నా, ఒక్క రాష్ట్రంలో మళ్ళీ లెక్కింపును కోర్టు ఆపేయడంతో ఓడిపోయాడు.

"తనవాళ్ళే లేచి ఆ ఓట్లు చెల్లవంటుంటే, సెనేటర్ సంతకం లేనిదే రూలు ఒప్పుకోదు, కూర్చోండన్నాడయ్యా. అవతలాయన గెలిచాడని చట్టసభలో తనే చదివాడు. ఎనిమిదేళ్ళ కొలువులో నాకు గుర్తుండేది అదే."

"ఆయనకి రూలుంది. మాకేముంది?"

"ఆ చందాలు తీసుకుందెవరు?"

"నేనే. ప్రసాదాల దగ్గర. ఎప్పుడూ అలాగే తీసుకుంటాం."

 అంకుల్ ఫ్లాస్కులోంచి మాకు టీ పోశారు.

స్టేషన్ నుంచి తెలిసినవాళ్ళ కారులో గుడి చేరాం. దర్శనం బాగా జరిగింది. స్వామిని ఏమీ అడగబుద్ధి కాలేదు. మధ్యాహ్నం హాల్లో మావారు మైకు ముందు నిలబడగానే మావాళ్ళు ఇద్దరు లేచారు.

"ఆ లేట్ ఓట్లు చెల్లవు బావగారూ! మీరొక్క మాటనండి చాలు."

మావారు కాగితం మడత విప్పి మైకు దగ్గరికి జరిగారు. 

"వాళ్ళ చందా నా చేత్తో తీసుకున్నాను. కూర్చోండి."

తర్వాత సుధాకర్ గారి పేరు చదివారు. 

సుధాకర్ గారు కారులో దింపుతామన్నారు. తిరుగు టికెట్లున్నాయని మావారు సున్నితంగా వద్దన్నారు. సాయంత్రం రైల్లో చల్లారిన పులిహోర తిన్నాం. ఇక్కడ జనవరి అంటే నడివేసవి, గుడి దగ్గర ఎండ ఎక్కువ, నీళ్ళ సీసా మరచిపోకండి. అలసట తప్ప చేతిలో ఏమీ లేకుండా తిరిగొచ్చిన ప్రయాణమే అయినా, నాకు మాత్రం మొక్కు చెల్లినట్టే ఉంది.

సెంట్రల్ దగ్గరపడుతుండగా మావారు బూట్లు విప్పారు.

"ఆ అమెరికా వైస్ ప్రెసిడెంట్‌కీ ఇంటికెళ్ళాక కాళ్ళు లాగి ఉంటాయంటావా? చాలాసేపు నిలబడ్డాడు."

నేను మావారి పాదాలు నా ఒళ్ళోకి తీసుకున్నాను.