నాలుగు సీసాల ఉత్తరం

మా ఇంట్లో అటక మీద ఒక రేకు పెట్టె ఉంది. అందులో ఉన్నదంతా అబద్ధమే. కట్టలు కట్టలుగా, రెండు వైపులా అచ్చయిన అబద్ధం. దగ్గు మందు కరపత్రాలు, బలం టానిక్కు లేబుళ్లు, పిల్లలు పుట్టడానికి లేహ్యం, పుట్టిన పిల్లలు ఏడవకుండా ఉండడానికి ఇంకో నీళ్ల మందు. గోడ క్యాలెండర్లు కూడా ఉన్నాయి. పైన లక్ష్మీదేవి, ఆమె పాదాల కింద మొలల మందు. ఆ తల్లి ఏడాది పొడుగునా ఎట్లా భరించిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఈ పెట్టె సంగతి ఎవరు చెప్పారో గాని, మొన్న ఒక యువకుడు కరీంనగర్‌లో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. పాత మందుల ప్రకటనలు సేకరిస్తాడట. వాటికి అద్దాలు కట్టించి ప్రదర్శన పెడతాడట. "వింటేజ్ సార్" అన్నాడు. చిత్తు కాగితానికి ఇంగ్లిషు పేరు పెడితే గోడ ఎక్కుతుందన్నమాట. చాప మీద కూర్చుని ఒక్కో కాగితాన్ని పురిటి బిడ్డను ఎత్తినట్టు రెండు చేతులతో ఎత్తి చూస్తూ, "అప్పటి మనుషులు ఎంత అమాయకులో కదా సార్" అని మురిసిపోయాడు.

నాకు ఒళ్లు మండింది. దుబాయిలో ఉన్న మా అక్క కొడుకు రోజూ పొద్దున్నే నా ఫోనుకు పంపే వీడియోలు ఇతనికి చూపించాలనిపించింది. మూడు రోజుల్లో షుగర్ మాయం. మోకాళ్ల నొప్పికి ఒక్కటే చుక్క. ఒకాయన తెల్లకోటు వేసుకుని చెబుతాడు, ఇంకొకాయన నాకు తగ్గిందని కళ్లు తుడుచుకుంటాడు. అమాయకులు ఎక్కడికీ పోలేదు, మోసగాళ్లూ పోలేదు. నేనూ పోలేదు. ఆ పెట్టెలో సగం కాగితాలకు అక్షరాలు పేర్చింది నేనే.

నాకు ఇరవై రెండేళ్లప్పుడు బెల్లంపల్లి బజారులో ఒక చిన్న ప్రెస్సులో కంపోజిటర్‌గా పనిచేసేవాణ్ణి. చెక్క అరల్లోంచి అచ్చు అక్షరాలను ఒక్కొక్కటిగా ఏరి తలకిందులుగా వరుసలో పేర్చడం నా పని. మా బాపు బొగ్గుబాయిలోకి దిగేవాడు. కొడుకు నీడపట్టున కూర్చుని అక్షరాలతో బతుకుతున్నాడని ఆయనకు ఎంత గొప్పో చెప్పలేను. తనకు చదువు రాదు. అచ్చులో వచ్చిందంటే చాలు, ఆయనకు అది వేదమే. "అచ్చయినంక అబద్ధమెట్లయితది?" అనేవాడు. నేను రోజూ అచ్చు వేసేది ఏమిటో ఆయనెప్పుడూ అడగలేదు, నేనెప్పుడూ చెప్పలేదు.

ప్రెస్సు యజమానిని మేమంతా చాచా అని పిలిచేవాళ్లం. పెళ్లి పత్రికలు ఏడాదిలో నాలుగు నెలలే. మిగతా నెలల్లో పొయ్యి వెలిగించింది మందులే. మా దగ్గర మనిషి ముఖం చెక్కిన అచ్చు బ్లాకులు మూడే ఉండేవి. మీసాలాయన, టోపీ ఆయన, పెద్ద బొట్టు ఆమె. ఆ మీసాలాయన ఒక కరపత్రంలో ఉబ్బసం తగ్గిన రైతు, ఇంకో దాంట్లో మగతనం తిరిగొచ్చిన వ్యాపారి, మధ్యలో ఒకసారి వార్డు మెంబరుగా కూడా నిలబడ్డాడు. 'మందుకు ముందు', 'మందుకు తర్వాత' అని రెండు బొమ్మలు కావాలంటే అదే బ్లాకును రెండుసార్లు కొట్టేవాళ్లం. 'ముందు' బొమ్మకు సిరా దట్టంగా, 'తర్వాత' బొమ్మకు పల్చగా. సిరా తగ్గితే రోగం తగ్గేది. ఆ విద్యలో నేను బాగా ఆరితేరాను.

ఈ మందులవాళ్లలో ఒక వైద్యుడు నెలకోసారి కరీంనగర్ నుంచి వచ్చి మా ప్రెస్సు ముందు బస్సు దిగేవాడు. పేరుకు ముందు అరడజను బిరుదులు. వాటిలో చాలా వరకు మా ప్రెస్సులోనే పుట్టాయి. లేబులు మీద జాగా మిగిలిందంటే ఇంకో బిరుదు పెట్టమనేవాడు. మందు మాత్రం ఒక్కటే. బెల్లం పాకం, మిరియాల ఘాటు, కాస్త కర్పూరం వాసన. ఎర్ర లేబులు అతికిస్తే దగ్గుకు, పచ్చ లేబులు అతికిస్తే ఆడవాళ్ల నీరసానికి. ఆయనకే దగ్గొచ్చినప్పుడు మాత్రం మా ఎదురు వరుసలో ఉన్న ఇంగ్లిషు డాక్టరు దగ్గర సూది వేయించుకుని, చెయ్యి రుద్దుకుంటూ ప్రెస్సులోకి వచ్చేవాడు. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు. నేనూ చాచా ముఖముఖాలు చూసుకుని నవ్వుకునేవాళ్లం. నవ్వుకుని, ఆయన లేబుళ్లే కొట్టేవాళ్లం.

ఒకసారి ఆయన కూర్చుంటూనే, "తమ్మీ, ఈసారి బొగ్గుబాయోళ్లకు తగలాలె. మీ ఊరోడే రాసినట్టు ఒక ఉత్తరం పెట్టు" అన్నాడు. ఫలానా మందుతో నాకు తగ్గిందని రోగి రాసే ఉత్తరాన్ని యోగ్యతాపత్రం అనేవాళ్లు. రోగులు ఎవరూ రాసేవాళ్లు కాదు. ఆ ఓపిక కంపోజిటర్లకే ఉండేది. చాచా వైపు చూశాను. "కస్టమర్ చెప్పింది కొట్టాలె, మనకెందుకు పరేషాన్" అని ఆయన తల తిప్పుకున్నాడు.

రోగం కోసం నేను ఎక్కడికీ పోనక్కర్లేకపోయింది. అప్పటికి ఏడాదిగా మా బాపుకు దమ్ము, అదే ఆయాసం. షిఫ్టు దిగి వచ్చేటప్పుడు, తలదీపాలు తిరిగి అప్పజెప్పే ల్యాంపురూము ముందు మూడో మెట్టు మీద కూలబడి ఊపిరి కూడదీసుకునేవాడు. పడుకుంటే ఊపిరాడక, బొంత చుట్టి వీపు వెనక పెట్టుకుని కూర్చునే కన్ను మూసేవాడు. ఉమ్మితే నలుపు. అవన్నీ ఉత్తరంలోకి ఎక్కించాను. మూడో మెట్టు, బొంత, నల్ల ఉమ్ము. 'ఇప్పుడు ఒక్క నాగా లేకుండా బాయికి దిగుచున్నాను. ఇట్లు, ఒక బొగ్గుబాయి కార్మికుడు, బెల్లంపల్లి' అని ముగించాను. చదువుకుంటే నాకే ముచ్చటేసింది. అంత బాగా అంతకు ముందు ఎప్పుడూ రాయలేదు. ఆ ముచ్చట తలచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం.

వైద్యుడు 'రెండు సీసాలు త్రాగునప్పటికి' అని పెట్టమన్నాడు. అక్షరాలు పేరిస్తే ఆ లైను తక్కువ పడింది. మాటల మధ్య పెట్టే ఖాళీ ముక్కలు ఆ రోజు అయిపోయాయి. లైను బిగుతుగా నిండకపోతే మిషను మీద అక్షరాలు ఊగి రాలిపోతాయి. నేను రెండు తీసేసి నాలుగు పెట్టాను. లైను నిండింది. వైద్యుడు ప్రూఫు చూసి, "నాలుగంటే ఇంకా మంచిగనే ఉన్నది" అని నవ్వాడు. ఎందుకు నవ్వడు, రెండు సీసాలు ఎక్కువ అమ్ముడుపోతాయి.

జీతాల రోజు బాయి గేటు ముందు కరపత్రాలు పంచారు. రెండు రోజుల తర్వాత నేను ఇంటికి వచ్చేసరికి గూట్లో ఎర్ర లేబులు సీసా ఉంది. బాపు మంచం మీద కూర్చుని కరపత్రాన్ని మోకాలి మీద పరిచి చేత్తో సాపు చేస్తున్నాడు. క్యాంటీనులో ఎవరో చదివి వినిపించారట.

"ఇగో సూడు కొడుకా, గీనిది అచ్చం నా రోగమే. మూడో మెట్టు మీద కూసుంటడంట. బొంత సుట్టి పెట్టుకుంటడంట. గసొంటోనికే తగ్గింది."

చెప్పాల్సింది అప్పుడే. చెప్పలేదు. కొడుకు చేసే అచ్చు పని ఇదా అని ఆయన చిన్నబుచ్చుకుంటాడని భయపడ్డాను. నా పరువు నిలబెట్టుకోవడానికి మా బాపు ఊపిరిని పణంగా పెట్టాను. దీనికి ఇంకో పేరు పెట్టడానికి ఎన్నో ఏళ్లు ప్రయత్నించాను, కుదరలేదు.

అదే వారం బాయి దవాఖాన డాక్టరు బాపు ఛాతీ మీద తట్టి చూసి, లోపల నీళ్లు చేరుతున్నట్టుందని, వెంటనే కరీంనగర్ పెద్ద దవాఖానకు పోయి ఎక్స్‌రే తీయించుకోవాలని చీటీ రాసిచ్చాడు. మా అమ్మ, మేం అవ్వ అనేవాళ్లం, ఆ చీటీని బియ్యం డబ్బా మీద పెట్టి, బియ్యం తీసిన ప్రతిసారీ గుర్తు చేసేది. "జర ఆగు, ఫికర్ చెయ్యకు. మందు పని చేస్తున్నది" అనేవాడు బాపు. నాకు తెలుసు అది ఏం మందో. నేను అన్నం కలుపుకుంటూ తల వంచుకునేవాణ్ణి.

ఇంకో పని కూడా చేశాడు. రోగం తగ్గిన ఆ మనిషిని వెతకడం మొదలుపెట్టాడు. ఎన్ని చెంచాలు తాగిండో, పథ్యమేం పెట్టిండో అడగాలట. ఆదివారం వస్తే చాలు, కరపత్రం అంగీ జేబులో పెట్టుకుని పది అడుగులకోసారి ఆగుతూ కార్మికుల వాడలన్నీ తిరిగాడు. అక్కడివాళ్లు మాత్రం ఏమంటారు? "మా బాయిల లేడు కాకా, అవతలి బాయిల ఉంటడేమో" అనేవాళ్లు. అసలు అట్లాంటి మనిషే లేడని ఒక్కరూ అనలేదు. అచ్చులోకి ఎక్కినవాడు లేకుండా ఎట్లా పోతాడు? దమ్ము లేని మనిషి, దమ్ము తగ్గిన మనిషి కోసం ఊరంతా ఆయాసపడుతూ తిరిగాడు.

మూడో ఆదివారం పొద్దున నేను వెనకే పోయాను. మోరీ కాలువ గోడ మీద కూలబడి, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి గాలి లాగుతున్నాడు. ఇక ఉండలేకపోయాను.

"బాపూ, ఆ మనిషి లేడు. గా ఉత్తరం నేనే రాసిన."

"నువ్వా?"

"నేనే. నిన్ను చూసుకుంటనే రాసిన. మెట్టు నీదే, బొంత నీదే."

చెంప పగులుతుందనుకున్నాను. ఆయన నన్ను చూసి మెల్లగా నవ్వాడు.

"గట్లయితే ఆ మనిషిని నేనే అన్నట్టు. పిచ్చోని లెక్క ఊరంత తిరుగుతున్న సూడు." కొంచెంసేపు ఊపిరి తీసుకుని మళ్లీ అన్నాడు. "నాకు తగ్గుతదనే రాసినవ్ కద? తగ్గదని రాయలే కద?"

"బాపూ, గది ఉత్త బెల్లం నీళ్లు. చీటీ పట్టుకొని దవాఖానకు పోదం పా."

"ఉండనీ. కన్నకొడుకు రాసిండు, అచ్చయింది. రెండు సీసలయినయి, ఇంక రెండే. నాలుగు కానీ. అటెన్క నువ్వు యాడికి రమ్మంటే ఆడికొస్త."

నాలుగు ఎందుకు పడిందో కూడా చెప్పాను. లైను తక్కువైందని, ఖాళీ ముక్కలు లేవని, మిషను మీద అక్షరాలు రాలిపోతాయని ఏడుస్తూ చెప్పాను. ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు. "గవన్ని నీ పని ముచ్చట్లు బిడ్డా" అని, నా భుజం పట్టుకుని లేచి ఇంటికి నడిచాడు. ఆ తర్వాత వెతకడం మానేశాడు. మందు మానలేదు. అవ్వ కొట్లాడింది, నేను కాళ్లు పట్టుకున్నాను. సీసా ఒకటి పది రోజులు వచ్చేది. నాలుగో సీసా అడుగున మిగిలిన చుక్కలను కూడా నీళ్లు పోసి కలుపుకుని తాగాడు. మర్నాడు తానే ఉతికిన అంగీ తొడుక్కుని, "ఇగ నడువు" అన్నాడు. ఇచ్చిన మాట తప్పలేదు.

కరీంనగర్ దవాఖానలో డాక్టరు ఎక్స్‌రేను కిటికీ వెలుగుకు పట్టుకుని చూశాడు. చీటీ మీద తేదీ చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, "నలభై రోజుల కింద రాసిన చీటీకి ఇప్పుడా తెచ్చేది? అప్పుడే తెస్తే నీళ్లు తీసి ఏదన్నా చేసేవాళ్లం కదా" అని కేకలేశాడు. నేను నోరు తెరిచేలోపు బాపు అందుకున్నాడు.

"పోరడు పోదమనే అన్నడు సార్. నేనే రాలే."

డాక్టరు ఆయనను తిట్టాడు. నా వంతు తిట్లు కూడా మా బాపే తిన్నాడు. తొమ్మిదో రోజు పోయాడు.

రెండు నెలలకు వైద్యుడు మళ్లీ బస్సు దిగాడు. ఆ ఉత్తరం బ్రహ్మాండంగా పనిచేసిందట, అదే మళ్లీ కొట్టమన్నాడు. పేర్చిన అక్షరాలు అట్లాగే కట్టి ఉంచిన ట్రే మా దగ్గరే ఉంది. తీసుకొచ్చి ఆయన కాళ్ల ముందు బోర్లించాను. అక్షరాలన్నీ నేల మీద చెల్లాచెదురయ్యాయి. నోటికొచ్చినట్టు తిట్టాను కూడా. చాచా కింద కూర్చుని అక్షరాలు ఏరడం మొదలుపెట్టాడు. నేనేదో గొప్ప పని చేశాననుకున్నాను. వైద్యుడు పాత కరపత్రం ఒకటి జేబులో పెట్టుకుని పోయి, ఇంకో ఊళ్లో ఇంకో ప్రెస్సులో కొట్టించాడు. తర్వాత ఒక కాపీ నా చేతికి దొరికితే చూశాను, అక్కడి కంపోజిటర్ అక్షరం పొల్లు పోకుండా దించాడు. నాలుగు సీసాలు నాలుగు సీసాలుగానే ఉన్నాయి. ఎన్ని ఊళ్లలో ఎందరు బాపులు తాగారో నాకు తెలియదు.

మొన్న ఆ యువకుడి చేతికి వచ్చింది ఆ రెండో అచ్చే. పైకి చదివాడు. మూడో మెట్టు దగ్గర ఒకసారి నవ్వాడు, బొంత దగ్గర ఇంకోసారి నవ్వాడు.

"ఎంత నమ్మకంగా రాశాడు సార్! ఇది ప్రదర్శనలో మధ్యలో పెడతాను. కాని సరిగ్గా నాలుగు సీసాలే ఎందుకు? దాని వెనక ఏమన్నా లెక్క ఉండేదా?"

"లైను తక్కువ పడ్డది" అన్నాను.

అతను పగలబడి నవ్వాడు. "భలే మాట సార్. అద్దం కింద చీటీ మీద ఇదే రాసి పెడతాను, చూసేవాళ్లకు నచ్చుతుంది" అని ఫోను తీసి రాసుకోవడం మొదలుపెట్టాడు.

"రాసుకో బాబూ. రాసింది నేనని రాయి. ఆ నాలుగూ తాగింది మా బాపని కూడా రాయి."

అతని వేలు ఫోను మీద ఆగిపోయింది.