ఒక్క కీర్తన పూర్తిగా

ఆ కబురు నాకు మొదట చెప్పింది మా ఇంట్లో పాలు పోసే ఆమె. పక్కింట్లో పిల్లలకు వీణ నేర్పే టీచరమ్మకు ఎడమచేతి వేళ్లు బిగుసుకుపోతున్నాయట, ఈ ఏడు వాయించి ఇక వీణకు గుడ్డ కప్పేస్తుందట. తెలంగాణ వచ్చిన నాలుగైదేళ్లకు జరిగిన సంగతి ఇది.

నేను బడి మొహం చూడలేదు. నాలుగు అక్షరాలూ బాపు ఇంట్లో నేర్పినవే, ఆయన చల్లగా ఉండాలి. సంగీతం అసలే తెలియదు. గోడ అవతలి నుంచి ఆ వీణ ముక్కలు ముక్కలుగా వినడమే తప్ప ఒక్క కీర్తనా ఎదురుగా కూర్చుని మొదటి నుంచి చివరిదాకా విన్నది లేదు. ఈ ఏడైనా వినాలని, సంచి మోసే వంకతో ఆమె వెంట తిరిగాను.

మొదట నల్లగొండలోనే ఒక గుడి. టీచరమ్మ పల్లవి ఎత్తుకుందో లేదో హారతి వేళయింది. పూజారి మీట నొక్కాడు. కరెంటు డోలు, గంట, తాళం ఒక్కసారే లేచాయి. ఆమె వేళ్లు కదులుతున్నాయి, వీణ వినబడదు. దేవుడి మీద కోపం తెచ్చుకోలేక ఆ యంత్రం మీద తెచ్చుకున్నాను.

తర్వాత చిట్యాలలో సన్మానం. ఫంక్షన్ హాల్లో పెద్దమనుషులు వీణ గొప్పతనం మీద గంటన్నర మాట్లాడారు. శాలువా మీద శాలువా, ప్రతి శాలువాకూ ఫొటో. ఆమె వీణ ఒళ్లోకి తీసుకునేసరికి సాయంత్రం పెళ్లికి పూలు కట్టేవాళ్లు నిచ్చెనలతో దిగారు.

"టైమైంది మేడం, జర చిన్న బిట్టు కొట్టుండ్రి" అన్నాడు మైకు పట్టుకున్నాయన.

బస్సులో నాకు ఏడుపొక్కటే తక్కువ. ఎట్ల ఓర్చుకుంటున్నారని అడిగితే టీచరమ్మ శాలువాల మూట నా ఒళ్లో పెట్టి, "చలికాలం ఎల్లిపోతది తియ్యి" అంది.

చివరిది హుజూర్‌నగర్. ఆమె దగ్గర నేర్చుకున్న పిల్ల వాళ్ల ప్రార్థన మందిరం. అక్కడా రెండు పెద్ద స్పీకర్లు, వాటిలోంచి తుమ్మెద రొద. ఈసారీ ఇంతే అనుకున్నాను. ఆ మందిరం ఊడ్చే ఆమె ఎవరినీ అడగకుండా వెళ్లి వైరు పీకేసింది. మందిరం పెద్దాయన గుర్రుమన్నాడు.

"గింత సన్నగ పలికేదానికి గీ డబ్బాలెందుకు సారూ? మీరే జర ముంగటికి జరుగుండ్రి" అంది.

అందరూ గొణుగుతూనే జరిగారు. గాలికి తలుపు కొట్టుకుంటుంటే ఆ ఊడ్చే ఆమే పోయి దాన్ని పట్టుకుని నిలబడింది. టీచరమ్మ వాయించింది. రెండుచోట్ల వేలు జారింది. ఆ జారడం కూడా విన్నాను. కీర్తన పూర్తయ్యేదాకా నేను కళ్లు తెరవలేదు. తెరిచేసరికి ఆమె ఇంకా తలుపు పట్టుకునే ఉంది. అంత దూరానికి ఆమెకేం వినబడిందో.

టీచరమ్మ మళ్లీ వీణ ముట్టలేదు. మీరు ఏ దేవుడికి మొక్కినా సరే, మమ్మల్నందరినీ ముందుకు పంపి తాను తలుపు దగ్గరే నిలబడిపోయిన ఆ తల్లిని ఒక్కసారి తలచుకోండి.