ఫైనల్ మొదలైన వేళ మిరప కల్లంలో

ఫిబ్రవరి నెలాఖరులో ఒక ఆదివారం ఉదయం తొమ్మిది గంటలకు గుంటూరు బస్టాండులో నరసరావుపేట బస్సు ఎక్కాను. అక్కడ బస్సు మారి అద్దంకి చేరాలి. ప్రయాణానికి కారణం ముందే చెప్పడం పద్ధతి. ఆ సాయంత్రం ఐస్ హాకీ ఫైనల్ కలిసి చూద్దామని ఉద్యోగ విరమణ తరువాత అద్దంకిలో స్థిరపడిన నా మిత్రుడు దేవదానం పిలిచాడు. నేను బయలుదేరింది మాత్రం, ఇక ఆ ఆట చూడనని అతనికి ముఖాముఖి చెప్పడానికి.

గుంటూరు మనిషికి ఐస్ హాకీ ఏమిటని చాలామంది నవ్వారు. మేమిద్దరం యౌవనంలో ఉపకార వేతనం మీద సోవియట్ దేశంలో ఇంజనీరింగ్ చదివాం. మా వసతిగృహం వెనుక పెరట్లో గొట్టంతో నీళ్లు పోసేవారు. తెల్లారేసరికి అది అద్దంలా గడ్డకట్టేది. దాని మీద నల్లటి రబ్బరు బిళ్ల కోసం పరుగులు తీసే కుర్రాళ్లను చూసి ఆ ఆటకు బానిసలమయ్యాం. తిరిగి వచ్చి నేను గుంటూరులోనూ అతను ఒంగోలులోనూ పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పుకుంటూ, మొదట రేడియోలో, తరువాత టీవీలో, ఇప్పుడు ఇంటర్నెట్‌లో దాన్ని వెంబడించాం.

నన్ను కట్టిపడేసింది అందులోని వేగం కాదు, దండన. తప్పు చేసిన ఆటగాడు పక్కనున్న అద్దాల పెట్టెలోకి వెళ్లి రెండు నిమిషాలు కూర్చోవాలి. అంతసేపూ అతని జట్టు ఒక మనిషి తక్కువతో ఆడాలి. తరగతి గదిలో నేను జీవితమంతా అమలు చేయబోయి విఫలమైన న్యాయం అది.

ఇప్పుడా ఆటకు ఏ గతి పట్టించారో చూడండి. ఇద్దరు ఆటగాళ్లు చేతి తొడుగులు విసిరేసి పిడిగుద్దులు గుద్దుకుంటూ ఉంటే న్యాయనిర్ణేతలు పక్కన నిలబడి చూస్తారు. ప్రేక్షకులు లేచి ఈలలు వేస్తారు. మంచు మైదానం చుట్టూ ఉన్న అంచు పలకల నిండా పందేల కంపెనీల పేర్లు మెరుస్తూ ఉంటాయి. వ్యాఖ్యాత ఆట గురించి చెప్పవలసిన చోట ఎవరి మీద ఎంత కాయాలో చెబుతాడు. స్కోరు సమమైతే ఐదుగురి ఆటను ముగ్గురికి కుదించి తొందరగా తేల్చేస్తారు. ఇది చదరంగంలో బంట్లను పారేసి ఆడించినట్లు కాదా? నాకు నిద్ర చెడగొట్టుకుని చూసే ఓపిక పోయింది. ఓపిక కంటే ముందు గౌరవం పోయింది.

అయితే ఒక చిక్కు ఉంది. మ్యాచ్ లేకుండా నేను దేవదానం ఇంటికి వెళ్లిన సందర్భం ఒక్కటీ గుర్తు రాలేదు. మా మాటలన్నీ ఆ ఆట గురించే. అది మానేస్తే మా స్నేహానికి మిగిలేదేమిటన్న ప్రశ్న దారి పొడవునా తొలుస్తూనే ఉంది.

బస్సులో పక్క సీటాయన ఫోనులో ఏదో హాస్య కార్యక్రమం బస్సంతా వినపడేటట్లు పెట్టుకున్నాడు. తగ్గించమన్నాను. తగ్గించి, నా ఒళ్లోని కెమెరా సంచీ చూశాడు.

"ఏ ఊళ్లోనండీ పెళ్లి?"

"పెళ్లి కాదు. నేను సూర్యాస్తమయాలు తీస్తాను."

"ఎవరు పిలిచారండీ?"

"ఎవరూ పిలవలేదు."

"మరి డబ్బులెవరిస్తారు?" అని జాలిగా చూసి మళ్లీ శబ్దం పెంచాడు. పరుల చెవుల మీద తమకు హక్కుందని ఈ జనానికి ఎవరు చెప్పారో!

సూర్యాస్తమయాల పిచ్చి నాకు కంటి శుక్లాల ఆపరేషను తరువాత పట్టుకుంది. కట్టు విప్పిన సాయంత్రం డాబా మీదకు వెళితే పడమటి ఆకాశంలో నారింజ, కుంకుమ, ఊదా రంగులు విడివిడిగా కనిపించాయి. అన్నేళ్లూ అన్నిటినీ కలిపి ఒక మురికి పసుపుగా చూశానని అప్పుడు తెలిసింది. ఆ వారంలోనే కెమెరా కొన్నాను.

నరసరావుపేటలో భోజనం చేశాను. పప్పు, గోంగూర బాగున్నాయి. పెరుగు పేరుతో వడ్డించిన ద్రవం గురించి యజమానికి చెప్పవలసింది చెప్పాను. ఈ దారిన వెళ్లేవారు బస్టాండు ఎదుట తినకుండా నాలుగడుగులు లోపలికి నడవడం మంచిది. అద్దంకి బస్సు అరగంట ఆలస్యంగా కదిలింది. కారణం అడిగితే డ్రైవరు "టీ తాగాలి గదండీ" అన్నాడు. పత్తి తీసేసిన చేలలో మోడులు నిలిచి ఉన్నాయి. సంతమాగులూరు దాటాక రోడ్డుకు రెండు వైపులా మిరప కల్లాలు ఎర్రగా పరుచుకున్నాయి. కిటికీలోంచి ఘాటు తగిలి బస్సులో సగంమంది తుమ్మారు.

నేను చేరేసరికి దేవదానం చర్చి నుంచి వచ్చి, తెల్లచొక్కా విప్పకుండానే టీవీకి తీగలు కలుపుతున్నాడు. అతని భార్య ఎస్తేరు గారు మంచినీళ్లిచ్చి, "అన్నయ్యగారూ, పొద్దుటి నుంచీ ఆ తీగలతోనే. ప్రార్థనలో కూడా మనసు ఇక్కడే ఉండి ఉంటుంది" అన్నారు.

"ఆరింటికి మొదలు. ఈసారి పోటీలు ఐరోపాలో కాబట్టి సరిపోయింది, తెల్లవారుజామున లేవనక్కర్లేదు" అన్నాడు దేవదానం.

అతని ఉత్సాహం చూసి, చెప్పవలసిన మాట వాయిదా వేశాను. ఐదున్నరకు కెమెరా తీసుకుని లేచాను.

"ఎక్కడికిరా?"

"ఊరి బయట కల్లం చూశాను. ఎండ దిగుతోంది."

"ఒరేయ్ సీతారామా, ఫైనల్‌రా ఇది!"

"ఫైనల్ మళ్లీ వేస్తారు. దీన్ని మళ్లీ వేయరు" అని బయటపడ్డాను. వెనుక అతను ఏదో అంటున్నాడు. వినలేదు.

కల్లంలో నలుగురు ఆడవాళ్లు రంగు పోయిన తాలుకాయలు ఏరడం ముగించి, ఎండిన మిరపకాయలను రాశులుగా పోస్తున్నారు. సూర్యుడు కంది మోపుల వెనక్కు దిగుతున్నాడు. ఒక్కొక్క కాయ అంచున వెలుగు నిలిచింది. సరిగ్గా నేను కెమెరా కన్నుకు ఆనించేసరికి వాళ్లలో ఇద్దరు పెద్ద నీలం టార్పాలిన్ పట్టా తెచ్చి ఆ ఎరుపు మీద కప్పబోయారు.

"ఆగండి! రెండు నిమిషాలు ఆగండి!" అని అరిచాను.

రైతు భార్య కోటమ్మ నడుము మీద చేతులు పెట్టుకుంది. "మీరు ఆగమంటే మంచు ఆగుద్దా అయ్యగారూ? కాయ చెమ్మగిల్లితే రేటు మీరిస్తారా?"

"ఒక్క ఫోటో."

"తీసుకోండి, కానీండి. చెప్పులు మాత్రం అక్కడే ఇడవండి, కాయ మీదకొచ్చేత్తన్నారు!"

చెప్పులు విడిచాను. నా వయసువాణ్ణి కసిరే పద్ధతి ఇదేనా అని కోపం వచ్చినా, వెలుగు ఆగదు కాబట్టి మింగేశాను. ఎర్రటి రాశి, దాని వెనుక ఎర్రటి సూర్యుడు, మధ్యలో వంగిన నలుగురి నల్లటి ఆకారాలు. మూడు ఫోటోలు తీశాను. మూడో దాన్లో ఒకావిడ నన్ను చూసి నవ్వింది. చాలా కాలానికి నా గుండె, పూర్వం ఆఖరి నిమిషంలో గోల్ పడితే కొట్టుకున్నట్లు కొట్టుకుంది.

అప్పుడే దేవదానం మోపెడ్ మీద, లుంగీలో, ఊగిపోతూ వచ్చాడు.

"మొదటి గోల్ పడిపోయింది! నువ్విక్కడ మిరపకాయలకు ఫోటోలు తీస్తున్నావా? సిగ్గుందా?"

ఇక దాచలేదు. "నేను ఆ ఆట వదిలేశాను దేవదానం. ఆ మాట చెప్పడానికే వచ్చాను. అది ఆట కాదు ఇప్పుడు, పందేల అంగడి."

అతని ముఖం మాడిపోయింది. "అంటే ఇక మా ఇంటికి రావన్న మాట" అన్నాడు.

ఇంతలో గాలి లేచి పట్టా ఒక మూల ఎగిరింది. కోటమ్మ మా ఇద్దరి మీదా గొంతెత్తింది. "మేస్టారూ, మీ ఇద్దరి తగువూ తరవాత! ఆ కొసలు పట్టుకోండి ముందు!"

ఇద్దరం చెరొక కొసా పట్టుకుని లాగాం. దేవదానం ఎప్పటిలాగే తన వైపు ఎక్కువ లాగాడు. "సమంగా లాగరా!" అని నేను, "నువ్వు కదలరా ముందు!" అని అతను. ఆడవాళ్లు పగలబడి నవ్వారు. రాళ్లు పెట్టి లేచేసరికి సూర్యుడు లేడు, మేమిద్దరం తుమ్ముతున్నాం. మోపెడ్ వెనుక కూర్చుని ఇంటికి వెళ్లాను.

మిగిలిన ఆట చూశాను. వద్దనడం అమర్యాద. స్కోరు సమమై ముగ్గురి చొప్పున ఆడించగానే నేను ఆవేశంగా లేచాను.

"కూర్చోరా. నీకు నచ్చకపోతే నచ్చకపోనీ. నాకు నచ్చుద్ది. వాళ్లు కర్రలు పారేసి కబడ్డీ ఆడినా చూస్తా" అన్నాడు దేవదానం. ఎస్తేరు గారు పెసరట్లు తెచ్చి ఇద్దరి నోళ్లూ మూయించారు. పక్కనే కూర్చుని చూసినా, ఎవరు గెలిచారో అతను ఆనందంగా నాకు మళ్లీ చెప్పాడు. నాకు ఆ ఫలితం మీద ఈ రోజుకూ గౌరవం లేదు.

మర్నాడు ఉదయం ఎనిమిదింటి బస్సుకు సాగనంపడానికి వచ్చాడు. కెమెరా తెర మీద నా ఫోటోలు మూడూ చూసి, "కోటమ్మ బాగా పడింది" అన్నాడు. అంతకు మించి మెచ్చుకోలేదు. బస్సు కదలబోతుండగా కిటికీ దగ్గరకు వచ్చాడు.

"కనిగిరి కొండ మీద నుంచి పొద్దుగూకడం బాగుంటుందట. వెళ్దాం. నేను ఫోటోలు తీయను, ముందే చెబుతున్నా. నీళ్ల సీసా పట్టుకుంటా."

ఆ మాటకు నా కళ్లు చెమర్చాయి. వెంటనే డైరీ తీశాను. "ఏ తేదీన?"

"తేదీ ఏంట్రా? ఇదేమన్నా మ్యాచా? వచ్చేయ్!" అని కసిరి, బస్సు పక్క మీద అరచేత్తో చరిచాడు.